తలకిందుల సలహాలు: దోర్నపాల్‌లో మాట వినడం నేర్చుకునేవారికి

ప్రశ్నాపత్రాన్ని భద్రాచలంలోనే వదిలేసి బస్సెక్కండి. చింతూరు, కోంటా దాటి ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్‌లో దిగేటప్పటికి మీ సంచిలో ఒక రికార్డరు, రెండు జతల బ్యాటరీలు, గీతల్లేని నోటుపుస్తకం ఉంటే చాలు.

ఆరోగ్య పరిశోధనకని వచ్చే మన పిల్లలకు ఈ మాట చెబితే ముఖాలు చిన్నబోతాయి. "ప్రశ్నలు లేకుండా డేటా ఎలా వస్తుంది మేడం?" అంటారు. వాళ్ళ గైడ్లకైతే కోపమే వస్తుంది. ఇక్కడ నేను చెప్పబోయేవన్నీ ఆ బాపతువే. పద్ధతుల పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని చదివితే ప్రతిదీ తప్పుడు సలహాగానే కనిపిస్తుంది. అయినా వీటిలో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోను. మనుషుల మధ్య, మన విషయంలో డాక్టరుకీ రోగికీ మధ్య, నడిచే మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని, అందులో ఏ మాట ఏ పని చేస్తోందో చూడటాన్ని కన్వర్సేషన్ అనాలిసిస్ అంటారు. తెలుగులో సంభాషణ విశ్లేషణ అందాం. ఈ పని నేర్చుకోవడమంటే కొత్త విషయాలు పోగు చేసుకోవడం కాదు, చదువులో అలవాటైన కొన్నిటిని వదులుకోవడం. అందుకే సలహాలు తలకిందులుగా ఉంటాయి.

ప్రశ్నలు అడగడం మానేయండి

నేను ఈ దారిలోకి రాకముందు సర్వేలు చేసేదాన్ని. సరిహద్దు పల్లెల్లో జ్వరాల మీద ఒక సర్వే. ఫారంలో చివరి గడి 'ఇతర సమస్యలు'. రోజుకు ముప్పై ఇళ్ళు తిరిగేవాళ్ళం. ఆ గడిలో దాదాపు అన్ని ఫారాల్లోనూ 'లేవు' అని పడింది. ఇక్కడి జనం ఓర్చుకునేవాళ్ళు, చిన్న చిన్న బాధలు చెప్పుకోరు అని రిపోర్టులో రాశాం. నేనే రాశాను.

చాలా రోజుల తర్వాత, శిక్షణ కోసం అప్పట్లో చేసిన ఒక రికార్డింగు విన్నాను. అందులో నా గొంతు ఉంది. చివరి గడికి వచ్చేసరికి నేను అడిగిన మాట: "ఇంకేం లేవు కదమ్మా?"

'ఇతర సమస్యలు ఏమిటి?' అని ఫారంలో ఉంది. నా నోట్లోంచి మాత్రం 'ఇంకేం లేవు కదా' అని వచ్చింది. జవాబు కూడా నేనే చెప్పేసి, ఊఁ అనమని ఆమె ముందు పెట్టాను. ఆమె ఊఁ అంది. పక్కింటావిడా ఊఁ అంది. ఓర్పు వాళ్ళది కాదు, తొందర నాది. ఆ తొందరను వాళ్ళ స్వభావంగా రాసి పంపించాను. ఆ రిపోర్టు నా పేరుతోనే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ విషయం మీద అమెరికాలో జాన్ హెరిటేజ్, ఆయన తోటివాళ్ళు చేసిన పని 2007లో అచ్చయింది. ఇరవైమంది ఫ్యామిలీ డాక్టర్లను తీసుకున్నారు. రోగులు లోపలికి వెళ్ళకముందే తమ బాధలన్నీ కాగితం మీద రాసిచ్చారు. లోపల కొందరు డాక్టర్లు 'ఇంకేమైనా ఉందా' అనే అర్థంలో 'ఎనీ' అనే మాటతో అడిగారు, మరికొందరు 'సమ్' అనే మాటతో అడిగారు. మిగతా ప్రశ్నంతా ఒకటే. 'సమ్'తో అడిగినచోట, ఏమీ అడగని మామూలు పద్ధతితో పోలిస్తే, చెప్పకుండా మిగిలిపోయిన బాధలు 78 శాతం తగ్గాయి. 'ఎనీ'తో అడిగినచోట చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది చదవగానే మన వాళ్ళు ఆ 'సమ్'కు తెలుగు మాట వెతుకుతారు. వెతకొద్దు. మన భాషలో ఆ జంట లేదు, మన జంటలు వేరు. 'ఇంకేమైనా ఉందా?' అనేది ఒకటి. 'ఇంకేం బాధ ఉంది?' అనేది ఇంకొకటి. రెండోది బాధ ఉందని ఒప్పేసుకుని, అదేమిటో చెప్పమంటుంది. 'ఇంకేం లేవు కదా' తలుపు మూసేస్తుంది. 'ఇంకేదో చెప్పబోయావు' అనేది ఆగిపోయిన మాటను తిరిగి ఆమె చేతికే ఇస్తుంది. వీటిలో ఏది ఎప్పుడు పనిచేస్తుందో ఇంగ్లీషు పరిశోధన చెప్పలేదు. మన ఓపీల్లో రికార్డు చేసి వింటేనే తేలుతుంది. అదెంత పనో ఆలోచించండి. మీ జీవితకాలానికి సరిపోతుంది.

అర్థం కోసం పరిగెత్తకండి

"కోయ భాష రాదు, దోర్లి రాదు, ముందు ఆర్నెల్లు భాష నేర్చుకుని వస్తాను" అంటారు కొందరు. రాకపోయినా రండి. వచ్చాక నేర్చుకోండి, మంచిదే. కానీ రాని రోజుల్లోనే వినగలిగేవి కొన్ని ఉంటాయి. భాష తెలిసిన చెవి అర్థం అందగానే ఆగిపోతుంది. తెలియని చెవికి ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎవరి మాట మధ్యలో తెగింది, ఎక్కడ ఎంతసేపు నిశ్శబ్దం ఉంది, గొంతు ఎక్కడ తగ్గింది అన్నవి ముందు వినిపిస్తాయి. సంభాషణ విశ్లేషణకు కావలసిన చెవి అది.

దోర్నపాల్ సుక్మాకూ కోంటాకూ దాదాపు మధ్యలో, జాతీయ రహదారి 30 మీద ఉంది. ఒక పక్క శబరి నది, ఆవలి ఒడ్డున ఒడిశా మల్కన్‌గిరి. సంతరోజు ఇక్కడ దోర్లి వినిపిస్తుంది, గోండి వినిపిస్తుంది, హల్బీ, హిందీ, ఒడియా, మన తెలుగు వినిపిస్తాయి. దోర్లాల మాటలో తెలుగు ఎంతగా కలిసిందంటే, భద్రాచలం వైపు నుంచి వచ్చినవాళ్ళకు సగం అర్థమైనట్టే ఉంటుంది. ఆ 'అయినట్టే' ప్రమాదం. డాక్టరు రాయపూర్ నుంచో బిలాస్‌పూర్ నుంచో వచ్చి ఉంటారు, హిందీ మాట్లాడతారు. మధ్యలో మితానిన్.

మితానిన్లు ఊరి ఆరోగ్య కార్యకర్తలు, ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన కార్యక్రమం ఇది. మితానిన్ అంటే ఒట్టు పెట్టుకుని కలుపుకున్న స్నేహితురాలని అక్కడి మాట. దేశమంతటా ఆశా కార్యకర్తలు రాకముందే ఈ అడవిలో మితానిన్లు ఉన్నారు. ఇప్పుడు మందులపెట్టె మోసేది, గర్భిణిని ఆస్పత్రికి తెచ్చేది, సంతలో పెట్టే హాట్ బజార్ క్లినిక్‌లో డాక్టరు పక్కన నిలబడి మాట అందించేది ఆమే. బుర్రకథలో వంతగాడిలా ఆమె ఉన్న మాటనే తిరిగి పలుకుతుందని అనుకుంటారు. అది వంత పాట కాదు. తల్లి చెప్పిన దాంట్లో ఏది వైద్యానికి పనికొస్తుందో ఆమె క్షణంలో తేల్చి, అదే పంపిస్తుంది. అంటే డాక్టరు చూడకముందే ఒకసారి పరీక్ష అయిపోయిందన్నమాట.

భద్రాచలం ఆస్పత్రిలో మాటను అందించేవాళ్ళు ఎలా అంటారో గుర్తు చేసుకోండి: "కడుపులో నొప్పంట సార్." ఆ 'అంట' చూడండి. నేను చెప్పట్లేదు, ఆమె చెప్పింది, సరిగ్గా విన్నానో లేదో మళ్ళీ అడగొచ్చు అని డాక్టరుకు తెలియజేసే చిన్న గుర్తు అది. అదే మాట హిందీలోకి వెళ్ళేసరికి "పేట్ మే దర్ద్ హై సర్" అయిపోతుంది. 'అంట' రాలిపోయింది. నొప్పి నిజమైపోయింది, అడగడానికేమీ మిగల్లేదు. హిందీలో 'బోల్ రహీ హై' అని చేర్చొచ్చు. ఎప్పుడు చేరుస్తారు, ఎప్పుడు చేర్చరు? ఈ ఒక్క ప్రశ్నతో మంచి థీసిస్ రాయొచ్చు. తెలుగువాళ్ళే రాయగలరు, ఎందుకంటే 'అంట' పోయిన లోటు మన చెవికే తెలుస్తుంది.

నలభై సెకన్లతో నెల గడపండి

వంద ఇంటర్వ్యూలు చేశానని చెప్పుకునేవాళ్ళ మధ్య 'నా దగ్గర నలభై సెకన్లున్నాయి' అనడానికి గుండె కావాలి. ఇదిగో నా నలభై సెకన్లలో కొంత. సంతలో క్లినిక్, వెనక జనరేటర్ మోత. 'డా' హిందీ డాక్టరు, 'మి' మితానిన్, 'త' జ్వరమొచ్చిన పిల్లాడి తల్లి.

1 డా: కబ్ సే హై బుఖార్.
2 (0.6)
3 మి: ఎప్పటి నుంచమ్మా జరం.
4 (1.4)
5 త: మొన్నటి సంతకాడ్నుంచి.
6 మి: సంతకాడ్నుంచా.
7 త: అవు (0.8) రాత్రిపూట [మల్ల::
8 మి: [ఏక్ హఫ్తా హువా సర్.
9 డా: ఠీక్ హై. దవా దీ కుఛ్?
10 మి: మందేమైనా ఏసినవా.
11 (1.1)
12 త: ఆఁ.
13 మి: దీ హై సర్.
14 డా: కౌన్‌సీ.
15 (2.0)

బ్రాకెట్లో అంకె నిశ్శబ్దం, సెకన్లలో. చదరపు బ్రాకెట్ ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోటు. రెండు చుక్కల జంట సాగదీత. వాక్యం చివర చుక్క ఉంటే గొంతు దిగిందని, ప్రశ్నార్థకం ఉంటే గొంతు లేచిందని, అంతే. వ్యాకరణంతో వాటికి పని లేదు. ఈ గుర్తులు గెయిల్ జెఫర్సన్ తయారుచేసినవి, టైపు మిషను మీద ఉన్న మీటలతోనే. తెలుగులో వాడేటప్పుడు దీర్ఘాన్నీ సాగదీతనీ కలిపేయకండి. 'మల్ల::'లో చివరి అకారం మన ఛందస్సు లెక్కలో లఘువే. గొంతే దాన్ని గురువును మించి సాగదీసింది. మాత్రలు లెక్కపెట్టడం చిన్నప్పుడే నేర్చుకున్న వాళ్ళం మనం. ఆ చదువు ఇక్కడ అక్కరకొస్తుంది.

ఐదో వరస చూడండి. 'మొన్నటి సంతకాడ్నుంచి.' మితానిన్ దాన్ని వారం చేసింది. దోర్నపాల్ సంత అయితే వారమే. కానీ చుట్టుపక్కల ప్రతి పెద్ద ఊరికీ తన సంత, తన రోజు ఉంటాయి. ఆమె ఏ సంతకు వెళ్ళొచ్చింది? తన ఊరి దగ్గర సంత అయితే నాలుగు రోజులే కావచ్చు. పసిపిల్లాడి జ్వరంలో నాలుగు రోజులకూ ఏడు రోజులకూ తేడా ఉంది. మితానిన్ ఆరో వరసలో అదే అడగబోయిందేమో అనిపిస్తుంది, కానీ తల్లి 'అవు' అనగానే ఆ దారి మూసుకుపోయింది. ఇక్కడి కాలమానం ఇలాగే ఉంటుంది: ఇప్పపూలు ఏరేటప్పుడు, తునికాకు తెంపేటప్పుడు, చింతపండు కొట్టేటప్పుడు. 'ఎన్ని రోజులు' అని అడిగితే వచ్చే నిశ్శబ్దం తెలియనితనం కాదు. పండగలతో, పనులతో నడిచే కాలాన్ని అంకెల్లోకి మార్చుకోవడానికి పట్టే సమయం అది.

తర్వాత ఏడు, ఎనిమిది వరసలు. 'రాత్రిపూట మల్ల' అని ఏదో చెప్పబోయింది. ఏమిటది? జ్వరం పెరుగుతోందా, వణుకా, ఫిట్సా? ఎప్పటికీ తెలియదు. తల్లి దగ్గర 0.8 సెకన్ల విరామం వచ్చింది, మితానిన్ దాన్ని మాట అయిపోయినట్టు తీసుకుంది. టాన్యా స్టైవర్స్ బృందం పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని కొలిచి 2009లో ప్రచురించింది. భాష భాషకూ కొద్ది తేడా ఉన్నా మొత్తమ్మీద సగటు సెకనులో ఐదో వంతు దగ్గరే తేలింది. జపనీసు, డేనిష్, లావో, ఇటాలియన్ అన్నీ ఉన్నాయి. ఆ పదిలో మన దేశపు భాష ఒక్కటీ లేదు. దోర్లి మాట్లాడే తల్లి హిందీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఎంత ఆగితే ఆగినట్టు? కొలిచేవాళ్ళు కావాలి.

నెల ఎందుకంటే, మొదటి వారం మీకు మీ అభిప్రాయాలే వినిపిస్తాయి. పేదరికం, పెత్తనం, ఆదివాసీ అమాయకత్వం. రెండో వారానికి విసుగొస్తుంది. మూడో వారంలో కూడా వదలకుండా కూర్చుంటే అప్పుడు టేపు మాట్లాడటం మొదలుపెడుతుంది. 'ఈ మాట ఇప్పుడే, ఇక్కడే ఎందుకు వచ్చింది?' అని ప్రతి వరస దగ్గరా అడగండి. జవాబు దాని తర్వాతి వరసలో వెతకండి. ఒకరన్న మాటను ఎదుటివాళ్ళు ఏమని తీసుకున్నారో తర్వాతి వంతులో బయటపడుతుంది. మన ఊహకంటే ఆ సాక్ష్యం నమ్మదగ్గది. అప్పుడప్పుడు ఆ సాక్ష్యం కూడా తప్పుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

పనికిరాని మాటలనే దాచుకోండి

దగ్గు, సణుగుడు, 'ఏమో', నవ్వు, వినపడలేదనడం. టైపు చేసేవాళ్ళు వీటిని తీసేసి శుభ్రంగా ఇస్తే డబ్బులివ్వకండి, వెనక్కి పంపండి. ఈ శాస్త్రం పుట్టిందే అలాంటి మాటలోంచి. 1960ల్లో హార్వీ శాక్స్ లాస్ ఏంజెలిస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చే ఫోన్లను వినేవాడు. అవతలివాళ్ళు పేరు చెప్పకుండా తప్పించుకుంటుంటే, అది ఎక్కడ మొదలవుతోందో వెతికాడు. ఫోనెత్తినవాడు తన పేరు చెప్పి పలకరిస్తే, చేసినవాళ్ళూ పేరు చెప్పాలి. ఒకరు మాత్రం ఆ చోట 'మీ మాట వినపడలేదు' అన్నారు. వినపడనిది చెవి సమస్య అయితే కావచ్చు. కానీ ఆ మాటతో పేరు చెప్పాల్సిన చోటు దాటిపోయింది. ఎవరైనా చెత్తబుట్టలో వేసే ఆ ఒక్క మాట దగ్గర శాక్స్ ఆగాడు. ఆయన 1975లో, నలభై ఏళ్ళకే, కారు ప్రమాదంలో పోయాడు. ఆయన పాఠాల టేపులను అక్షరం అక్షరం రాసి మనకు మిగిల్చినదీ జెఫర్సనే.

తెలుగులో అంత విలువైన పనికిరాని మాట 'ఊఁ'. కథ చెప్పే అమ్మమ్మ ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేది. ఊఁ అంటే వింటున్నాను, చెప్పు అని. ఒప్పుకున్నాను అని కాదు. ఓపీ గదిలో ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

దోర్నపాల్ ఉన్న బస్తర్‌లో 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదలైంది. జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటికీ వెళ్ళి ప్రతి ఒక్కరి రక్తం పరీక్షించారు. మంచి పని. లోపల పరాన్నజీవి ఉండి కూడా జ్వరం లేని మనుషులు ఇక్కడ చాలామంది. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర నిలబడి వినండి. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి, కిట్ మీద గీత చూపించి, నీకు మలేరియా ఉంది అని చెప్పాలి. ఆ మాట ఎలా మొదలవుతుంది? వైవాక్స్ రకం మలేరియా అయితే ప్రిమాక్విన్ మాత్ర పద్నాలుగు రోజులు మింగాలి. ఫాల్సిపారం అయితే మూడు రోజుల మందు. "రోజూ వేసుకోవాలి, ఆపొద్దు." "ఊఁ." "పద్నాలుగు రోజులు." "ఊఁ." కార్యకర్త ఫారంలో 'అంగీకరించారు' అని టిక్కు పెట్టి ముందుకెళ్తుంది. ఆ ఇంటివాళ్ళు కథ విన్నారు. సరే అనలేదు.

పిల్లల డాక్టర్ల గదుల్లో స్టైవర్స్ గమనించిందీ దీనికి దగ్గరే. జబ్బేమిటో చెప్పినప్పుడు తల్లిదండ్రులు మౌనంగా ఉన్నా మాట సాగిపోతుంది, మందు సూచించినప్పుడు మాత్రం వాళ్ళ ఒప్పుకోలు కోసం డాక్టరు ఆగుతాడు. రాకపోతే మళ్ళీ చెబుతాడు, కారణాలు చెబుతాడు, కొన్నిసార్లు అవసరం లేని యాంటీబయాటిక్ కూడా రాసేస్తాడు. అక్కడ మౌనం డాక్టరుకు వినిపించింది. ఇక్కడ మౌనం ఊఁ అనే ముసుగు వేసుకుని వస్తుంది కాబట్టి వినిపించదు. పద్నాలుగో రోజు దాకా మాత్ర ఎవరు మింగారో, ఎవరు మింగలేదో కనుక్కునేటప్పుడు మొదటి రోజు 'ఊఁ' అన్నారా 'సరే' అన్నారా చూడండి. నాకు తెలిసి ఆ లెక్క ఇంతవరకు ఎవరూ కట్టలేదు.

తప్పు పట్టడానికి వెళ్ళకండి

ఇది చెబితే కార్యకర్తలైన నా స్నేహితులు నొచ్చుకుంటారు. డాక్టరు మాట తెంపేస్తాడు, నర్సు కసురుతుంది, ఇవన్నీ రాయాలి కదా అంటారు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు 74 సంప్రదింపులు విని, రోగి మొదటి మాట సగటున 18 సెకన్లలోనే తెగిపోతోందని చెప్పారు. ఆ అంకె లోకమంతా తిరిగింది, డాక్టర్లను కొట్టడానికి కర్రలా వాడారు. కానీ ఎలా తెగుతోందన్నది అసలు సంగతి. చాలాసార్లు తెంపింది కసురు కాదు, మొదట చెప్పిన బాధ గురించి అడిగిన మంచి ప్రశ్న. 'ఎప్పటి నుంచి?' అనే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలో పడి, రోగి రెండో బాధ వదిలేస్తాడు.

సంత క్లినిక్‌లో వరస గుడారం దాటి రోడ్డు దాకా ఉంటుంది. పొద్దు వాలితే అందరూ నడిచి అడవి దారుల్లో పడాలి. ఆ డాక్టరు తొందర దుర్మార్గం కాదు. మీరు దోషిని ముందే నిర్ణయించుకుని వెళితే టేపులో దోషే దొరుకుతుంది, అక్కడున్న ముగ్గురి తెలివీ కనిపించదు. తల్లి తెలివిగా చెబుతోంది, మితానిన్ తెలివిగా కోస్తోంది, డాక్టరు తెలివిగా కుదిస్తున్నాడు. ముగ్గురూ బాగానే పనిచేసినా రాత్రిపూట సంగతి జారిపోయింది. అది ఎలా జరిగిందో చూపించడం మన పని. తిట్టిన డాక్టరు మారడు. తన గొంతు తానే విన్న డాక్టరు ఆగుతాడు. నేనూ అలాగే ఆగాను.

ఆ తర్వాత వాళ్ళను కూర్చోబెట్టి 'మీరెందుకలా అన్నారు?' అని ఇంటర్వ్యూ చేయకండి. ఎవరికీ తెలియదు. మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, మీరు దాన్ని ఉటంకించి పాడు చేస్తారు.

రికార్డరు మీట ఆమె చేతికివ్వండి, డేటా పోతే పోనివ్వండి

మంచి పరిశోధకులు డేటాను కాపాడుకుంటారని నేర్పుతారు. దోర్నపాల్‌లో ముందు మనిషిని కాపాడండి.

ఈ ఊరి సంగతి తెలియకుండా ఇక్కడ మైకు పెట్టకూడదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. దోర్నపాల్‌లో పెద్ద క్యాంపు వెలిసింది. క్యాంపుకు రానివాళ్ళు అడవిలోకో, గోదావరి దాటి మన వైపుకో పోయారు. భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో గుత్తికోయలని మనం పిలిచేవాళ్ళలో చాలామంది అలా వచ్చినవాళ్ళే. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వా జుడుంను ఆపమని తీర్పిచ్చింది. కానీ మనుషుల్లో ఒకటి మిగిలిపోయింది: నీది ఏ ఊరు అనే ప్రశ్న ఇక్కడ మామూలు ప్రశ్న కాదు. ఓపీ చీటీ రాసేటప్పుడు ఆ ప్రశ్న తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని కొలవాలని నాకు చాలాసార్లు అనిపించింది. కొలవలేదు. మీరూ కొలవకండి. కొన్ని నిశ్శబ్దాలు పరిశోధనకు చెందవు.

అందుకని ఊరి పేరు, మనిషి పేరు వినిపించిన భాగాన్ని ఆ రాత్రే చెరిపేయండి. తర్వాత మాస్క్ చేద్దాంలే అని కంప్యూటర్లో దాచకండి. గొంతే గుర్తు పట్టిస్తుందనిపిస్తే మొత్తం చెరిపేయండి. కాగితం మీద వేలిముద్ర అడగొద్దు. కాగితాలతో వీళ్ళకున్న అనుభవం మంచిది కాదు. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఆదివాసీలను ప్రత్యేకంగా కాపాడవలసిన వర్గాల్లో చేర్చాయి. ముందే మీ ఎథిక్స్ కమిటీ దగ్గర కూర్చుని, నోటి మాటగా, సాక్షి ముందు, వాళ్ళ భాషలో సమ్మతి తీసుకునే పద్ధతికి ఒప్పించుకోండి. రికార్డరు ఆపే మీట ఎక్కడుందో చూపించి, దాన్ని తల్లి ఒళ్ళో పెట్టండి. ఒకసారి ఒకామె సరిగ్గా నాకు కావలసిన చోట నొక్కేసింది. ఏం చెప్పిందో నేను గది బయట నుంచి వినలేదు, అడగలేదు.

కెమెరా వద్దు. ఈ మాట ఈ రంగంలో పెద్దలు ఒప్పుకోరు, వాళ్ళ కారణం న్యాయమైనదే. క్రిస్టియన్ హీత్ అనే పరిశోధకుడు 1986లోనే చూపించాడు, డాక్టరు కళ్ళు కాగితం మీదికి పోగానే రోగి మాట తడబడుతుందని. చూపు లేకుండా సగం పోతుంది. పోనివ్వండి. రూళ్ళు లేని నోటుపుస్తకం అందుకే తెమ్మన్నాను. ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో బొమ్మ గీయండి. స్టూలు ఎవరిది, ఎవరు నిలబడ్డారు, బిడ్డ ఎవరి చంకలో ఉంది. మొహాలు గీయకండి.

చదువుకున్నవాళ్ళతో టేపు వినకండి

విశ్లేషకులు గుంపుగా కూర్చుని ఒక ముక్క మళ్ళీ మళ్ళీ వినడాన్ని డేటా సెషన్ అంటారు. యూనివర్సిటీల్లో ఏసీ గదుల్లో చేస్తారు. మీరు మితానిన్ల దగ్గర చేయండి. రికార్డింగు మొదలవకముందే ఎవరెవరు వింటారో తల్లికి చెప్పి ఒప్పించుకోండి. సంత అయిపోయాక, చెట్టు కింద, చిన్న స్పీకరు పెట్టుకుని. వాళ్ళకు జెఫర్సన్ గుర్తులు చదవడం రాకపోవచ్చు, అక్కర్లేదు.

నా నలభై సెకన్లను నేను ఒక నెల విన్నాక, ఆ సంభాషణలో ఉన్న మితానిన్‌కే వినిపించాను. నన్ను అక్కా అని పిలిచేది. ఏడు, ఎనిమిది వరసల గురించి ఏమంటుందోనని నా భయం, మాట తెంపింది తనే కదా. ఆమె దాన్ని దాటేసింది. "అవునక్కా, నేను తొందరపడ్డా" అని ఊరుకుంది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. నాలుగోసారి పన్నెండో వరస దగ్గర చెయ్యెత్తింది.

"అక్కా, ఆమె ఆఁ అన్లేదు. ఆఁ? అంది."

జనరేటర్ మోతలో పెరిగిన ఆ గొంతు చివర నాకు వినపడలేదు, ఆ రోజు ఆమెకూ వినపడలేదు. తల్లి 'వేశాను' అని చెప్పలేదు, 'ఏమన్నావు?' అని అడిగింది. మందేసినవా అనే ప్రశ్న ఆమెకు అందనే లేదు. పదమూడో వరసలో మితానిన్ దాన్ని అవునని తీసుకుని డాక్టరుకు చేరవేసింది. తర్వాతి వంతును సాక్ష్యంగా తీసుకోమని పైన మీకు చెప్పాను కదా, ఆ సాక్ష్యం తప్పింది ఇక్కడే. అది తప్పిందని చెప్పేది పదిహేనో వరస. కౌన్‌సీ అంటే, ఏ మందు అని. ఎప్పుడూ ఇవ్వని మందు పేరు ఎవరు చెబుతారు? ఆ రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని నేను నెలంతా మందు పేరు గుర్తుకు రాకపోవడం అని రాసుకున్నాను. చీటీలో మాత్రం మందు ముందే వాడినట్టు పడింది.

పన్నెండో వరసలో ఆఁ పక్కన చుక్క చెరిపి ప్రశ్నార్థకం పెట్టాను. ఆ చెట్టు కిందే, ఇద్దరం కూర్చుని, మొదటి వరస నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టాం.